గాలి పోయి డీజిల్ వచ్చింది: కువైట్ సముద్రంలో ఇంజిన్ చరిత్ర

కువైట్‌లో మన తెలుగువాళ్ళు చేయని పని లేదు. ఇంటి పని, డ్రైవింగు, మేస్త్రీ పని, తోట పని, ఎడారిలో గొర్రెలు కాసే పని, అన్నిట్లో మనం ఉన్నాం. వాటి కష్టసుఖాల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. సముద్రం మీద, రేవుల్లో, ఇంజిన్ల దగ్గర పనిచేసేవాళ్ళ గురించి మాత్రం మాట్లాడుకునేది తక్కువ. షర్క్ దగ్గర, ఫహాహీల్ దగ్గర చేపల లాంచీలు కట్టి ఉండటం అందరం చూస్తాం. షువైఖ్, షుఐబా రేవులకు వచ్చిపోయే పెద్ద ఓడలను దూరం నుంచి చూస్తాం. వాటి కడుపులో ఒక ఇంజిన్ ఉంటుంది, ఆ ఇంజిన్ పక్కన చెవులు మూసుకొని చెమట కారుస్తూ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి మనవాడు కావచ్చు, మలయాళీ కావచ్చు, బెంగాలీ కావచ్చు.

ఓడ డీజిల్ ఇంజిన్‌కు సంబంధించి మూడు పనులు ముఖ్యం. దాన్ని స్టార్ట్ చేయడం, ఆపడం, కొత్త భాగాలు వేసినప్పుడు రన్నింగ్ ఇన్ చేయడం. చూడటానికి ఇవి మెకానిక్ సంగతులు. కానీ ఒక్కోదాని వెనక చరిత్ర ఉంది. ఇంజిన్ గదిలో ఈరోజు పాటించే నియమాల్లో చాలావాటి వెనక పోయిన ప్రాణాలు ఉన్నాయి. అందుకే ఈ వ్యాసంలో చరిత్రను, పనిని కలిపి చెప్పుకుందాం.

గాలి మీద బతికిన రోజులు

చమురు దొరకక ముందు కువైట్ బతుకంతా సముద్రమే. వేసవిలో ముత్యాల వేట, చలికాలంలో సరుకుల వ్యాపారం. ఇక్కడ చెట్లు లేవు కాబట్టి ఓడకు కావలసిన టేకు మన మలబారు తీరం నుంచే వచ్చేది. ఆ కర్రతో ఇక్కడి వడ్రంగులు బూమ్ అనే పెద్ద తెరచాప ఓడలు కట్టేవాళ్ళు. బస్రా ఖర్జూరాలు ఎక్కించుకొని అవి మన పడమటి తీరానికి, ఆఫ్రికా తూర్పు తీరానికి వెళ్ళేవి. తిరిగి వచ్చేటప్పుడు కలప, బియ్యం, మసాలా దినుసులు తెచ్చేవి. తాగే నీళ్ళు కూడా షత్ అల్ అరబ్ నది నుంచి ఓడల్లోనే తెచ్చుకొనే ఊరు ఇది. 1938లో కువైట్‌లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే బూమ్‌ను సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దగ్గర ఇప్పటికీ చూడొచ్చు. సెలవు రోజున అటు వెళ్ళినవాళ్ళు దాని కింద నిలబడి ఒక్కసారి తల ఎత్తి చూడండి.

ఆ ఓడకు స్టార్టింగ్ లేదు, స్టాపింగ్ లేదు. గాలి వస్తే కదిలేది, గాలి పడిపోతే నిలిచేది. నైరుతి, ఈశాన్య గాలులే వాళ్ళ క్యాలెండరు. ఓడ నడిపే పెద్దను నోఖదా అంటారు. ముత్యాల ఓడలో నీళ్ళలోకి దిగేవాడు ఒకడు, పైనుంచి తాడు పట్టి లాగేవాడు ఒకడు. ఇద్దరూ సీజను మొదట్లో నోఖదా దగ్గర అడ్వాన్సు తీసుకొని ఇంట్లో ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ముత్యం సరిగ్గా దొరక్కపోతే ఆ బాకీ తీరేది కాదు, వచ్చే సంవత్సరానికి మారేది. బాకీ ఉన్నంతకాలం అదే నోఖదా దగ్గర పని చేయాలి. ఏజెంటుకు అప్పు చేసి వీసా తెచ్చుకున్న మనకు ఈ లెక్క కొత్త కాదు. ఈ దేశం వాళ్ళ తాతలు కూడా ఇదే రకం బాకీలో మునిగి తేలారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1930ల్లో జపాన్ సాగు ముత్యాలు వచ్చి, ప్రపంచమంతా మాంద్యం పట్టి, ఆ వేట దెబ్బతింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. యుద్ధం వల్ల పని ఆగిపోయి, 1946 జూన్ 30న మొదటి చమురు ఓడ బయలుదేరింది. ఆ తరవాత తెరచాప లాగే చేతులు చమురు కంపెనీ పనిలోకి పోయాయి. తెరచాప ఓడకు చాలామంది మనుషులు కావాలి. ఇంజిన్ పెడితే కొద్దిమంది చాలు. అలా మనుషుల కొరత ఒకవైపు, చేతి కింద చవక డీజిల్ ఇంకోవైపు కలిసి కర్ర ఓడల్లోకి ఇంజిన్‌ను తెచ్చాయి. బూమ్ ఆకారం అలాగే మిగిలింది, లోపల గుండె మారింది. ఇప్పుడు మనం లాంచి అని పిలిచేది దాని వారసుడే.

నిప్పురవ్వ లేని ఇంజిన్

జర్మన్ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన ఇంజిన్‌కు పేటెంటు అడిగాడు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో అది సరిగ్గా పనిచేసి చూపించింది. దాని కిటుకు ఒక్క మాటలో చెప్పొచ్చు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కుతుంది కదా. గాలిని అణిస్తే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ ఆ గాలిని ఇంకా చాలా గట్టిగా అణుస్తుంది, వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అప్పుడు సన్నగా చిమ్మిన నూనె దానంతటదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఉన్నట్టు ప్లగ్గు అక్కర్లేదు.

1912లో డెన్మార్క్‌లో కట్టిన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజిన్లతో మహాసముద్రాలు దాటింది. బొగ్గు లేదు, బాయిలరు లేదు, బొగ్గు పారలతో ఎత్తిపోసే మనుషులు లేరు. అంతకుముందు ఆవిరి ఓడ కడుపులో బొగ్గు ఎత్తిపోసేవాళ్ళలో మన దేశపు లష్కర్లు వేలమంది ఉండేవాళ్ళు. ఆ నరకం పనిని తగ్గించిన యంత్రం ఇది. డీజిల్ మాత్రం దాని వైభవం చూడలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండు వెళ్ళే ఓడలో నుంచి మాయమయ్యాడు, కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది.

ఓడ పేరు ముందు ఎస్.ఎస్. అని ఉంటే ఆవిరి ఓడ, ఎం.వి. అని ఉంటే మోటారు ఓడ, అంటే డీజిల్‌ది. 1948 మార్చి 14న మన విశాఖపట్నంలో నెహ్రూ నీళ్ళలోకి దింపిన జల ఉష కూడా ఆవిరి ఓడే.

స్టార్ట్ చేయడం ఎందుకు కష్టం

ప్లగ్గు లేకపోవడం డీజిల్‌కు బలం, అదే దాని చిక్కు కూడా. గాలి వేడెక్కాలంటే పిస్టన్ వేగంగా కదలాలి. పిస్టన్ కదలాలంటే ఇంజిన్ నడవాలి. ఇంజిన్ నడవాలంటే ముందు గాలి వేడెక్కాలి. ఈ చిక్కుముడిని ఒక్కో కాలంలో ఒక్కో రకంగా విప్పారు.

మొదట్లో చిన్న పడవల్లో హాట్ బల్బ్ ఇంజిన్లు ఉండేవి. వాటి తలమీద ఉండే ఇనుప బుడ్డిని బ్లో ల్యాంపుతో కాసేపు కాల్చి, అది ఎర్రబడ్డాక చక్రం తిప్పేవాళ్ళు. ఆ తరవాత గ్లాస్గోలో తయారైన కెల్విన్ ఇంజిన్లలో ఇంకో ఉపాయం వచ్చింది. చేతి హ్యాండిల్‌తో తిప్పి మొదట పెట్రోలు మీద స్టార్ట్ చేయడం, కాస్త వేడెక్కగానే లివరు తిప్పి డీజిల్ మీదికి మార్చడం. ఇప్పటి లాంచీల్లో బ్యాటరీ, సెల్ఫ్ మోటారు ఉన్నాయి.

పెద్ద ఓడ ఇంజిన్ మూడంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. దాన్ని ఏ బ్యాటరీ తిప్పలేదు. అందుకని కంప్రెసరుతో గాలిని 25 నుంచి 30 బార్ల ఒత్తిడి వరకు పెద్ద సీసాల్లో నింపి పెట్టుకుంటారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది పది రెట్ల కంటే ఎక్కువ. స్టార్ట్ అన్నప్పుడు ఆ గాలి వరసగా ఒక్కో సిలిండర్‌లోకి దూరి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఇంజిన్ తిరగడం మొదలవగానే నూనె అందుకుంటుంది, గాలి ఆగిపోతుంది.

అంతకుముందు చేసే ఏర్పాటే గంటల పని. చల్లటి ఇంజిన్‌ను ఒక్కసారి వేడి చేస్తే ఇనుము పగులుతుంది కాబట్టి జాకెట్ నీళ్ళను ముందే వేడి చేసి తిప్పుతారు. బేరింగులకు నూనె పంపు వేస్తారు. టర్నింగ్ గేర్ అనే చిన్న మోటారుతో ఇంజిన్‌ను నెమ్మదిగా ఒకటి రెండు చుట్లు తిప్పుతారు. ఆ సమయంలో ప్రతి సిలిండర్ మీద ఉండే ఇండికేటర్ కాక్ తెరిచి ఉంచుతారు. దాంట్లోంచి నీళ్ళు చిమ్మితే లోపల ఎక్కడో లీకు ఉన్నట్టు. గాలిని అణచవచ్చు గానీ నీటిని అణచలేం. సిలిండర్‌లో నీళ్ళు ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అంతా బాగుంటే టర్నింగ్ గేర్ తప్పించి, కాక్‌లు తెరిచే ఉంచి గాలితో ఒకసారి ఊదించి, మూసి, అప్పుడు నూనె ఇస్తారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. టర్నింగ్ గేర్ తగిలించి ఉన్నంతసేపు స్టార్టింగ్ గాలి లోపలికి పోకుండా అడ్డు పెట్టి ఉంటుంది. ఇంజిన్ లోపల మనిషి పని చేస్తున్నప్పుడు ఆ గేర్ తగిలించే ఉంచాలి, గాలి సీసా వాల్వు మూసేయాలి, కాక్‌లు తెరవాలి, పైన కంట్రోల్ దగ్గర 'లోపల మనిషి ఉన్నాడు' అని బోర్డు పెట్టాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తక్కువైనా లోపలికి దిగొద్దు. ఎవరు తొందరపెట్టినా సరే.

ఇంకొకటి. స్టార్టింగ్ గాలి పైపుల్లో కంప్రెసరు నుంచి వచ్చిన నూనె పొరలా పేరుకుంటుంది. సిలిండర్ మీది వాల్వు సరిగ్గా మూసుకోకపోతే మంట ఆ పైపులోకి వెనక్కి వస్తుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పైపే పేలుతుంది. అందుకే పాత ఇంజినీర్లు ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌కు వెళ్ళే గాలి పైపును చేత్తో తాకి చూస్తారు. ఒకటి మిగతావాటి కంటే వేడిగా ఉంటే ఆ వాల్వు కారుతోందని అర్థం. పెద్ద చదువు లేని ఆయిలర్ కూడా కనిపెట్టగల ప్రమాదం ఇది.

రంగం ఓడ, గల్ఫ్ ఓడ

మన తాతల కాలంలో వలస అంటే రంగం. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలమంది ఆవిరి ఓడల్లో రంగూన్ వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదనే బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలు అని పిలిచారు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మనవాళ్ళే. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చి, తరవాత వాళ్ళను తీసేసి మళ్ళీ మనవాళ్ళను పెట్టుకున్నారు. కూలీల మధ్య గొడవ రేగి ఊరంతా పాకింది, ఎందరో మనవాళ్ళు చనిపోయారు. పేదవాడిని పేదవాడి మీదికి తోసిన ఆ పాఠం వలస వచ్చిన ప్రతి ఒక్కరం గుర్తు పెట్టుకోవలసింది.

రంగం దారిలో ఓడలు నడిపిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీయే గల్ఫ్ దారిలోనూ నడిపింది. 1862 నుంచి బొంబాయి నుంచి గల్ఫ్‌కు దాని టపా ఓడలు తిరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ దారికి నాలుగు కొత్త డీజిల్ ఓడలు వచ్చాయి: డుమ్రా, ద్వారకా, దారా, దరేసా. వాటిలో డాక్స్‌ఫర్డ్ రకం ఇంజిన్లు. ఒకే సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా ఉండి, మధ్యలో నూనె మండితే ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. బొంబాయి, కరాచీ, మస్కట్, దుబాయి, బహ్రెయిన్, కువైట్, బస్రా, ఇలా రేవు రేవుకూ ఆగుతూ పోయేవి. క్యాబిన్ టికెట్ కొనలేని కూలీలు డెక్ మీద చాప పరుచుకొని, సొంతంగా వండుకుంటూ వచ్చేవాళ్ళు. విమానం టికెట్ అందుబాటులోకి రాకముందు గల్ఫ్‌కు వచ్చిన భారతీయుల్లో చాలామంది దారి ఇదే.

ఆ నాలుగింటిలో దారా కథ గల్ఫ్‌లో అందరికీ తెలియాల్సింది. 1961 ఏప్రిల్‌లో అది బస్రా వైపు నుంచి బొంబాయికి తిరిగి వెళుతూ దుబాయి దగ్గర లంగరు వేసింది. తుఫాను గాలి లేచింది. ఒడ్డు దగ్గర ఉంటే ప్రమాదమని కెప్టెన్ ఇంజిన్ స్టార్ట్ చేయించి లోతు సముద్రంలోకి తీసుకుపోయాడు. ప్రయాణికులను సాగనంపడానికి ఎక్కినవాళ్ళు, రేవు పనివాళ్ళు కూడా దిగే వీలు లేక ఓడలోనే ఉండిపోయారు. ఏప్రిల్ 8 తెల్లవారుజామున లోపల పేలుడు జరిగి మంటలు లేచాయి. 238 మంది చనిపోయారు. ఎవరో పెట్టిన పేలుడు పదార్థమే కారణమని విచారణలో తేలింది. ఇంజిన్ తప్పు కాదు. కానీ కిక్కిరిసిన డెక్ మీద జనం పడవల్లోకి ఎలా దిగాలో తెలియక పోయిన ప్రాణాలు ఎన్నో. ఓడ ఎక్కిన మొదటి రోజే లైఫ్ జాకెట్ ఎక్కడుంది, ఏ పడవ మనది అని అడగడం సిగ్గుపడే పని కాదు.

రన్నింగ్ ఇన్: కొత్త భాగాలకు ఓపిక

కొత్త చెప్పులు మొదటి రోజే పది మైళ్ళు నడిస్తే కాలు కొరుకుతాయి. కొత్త పిస్టన్ రింగులు, కొత్త లైనరు కూడా అంతే. చేత్తో తాకితే నున్నగానే ఉంటాయి గానీ సన్నటి ఎత్తుపల్లాలు ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి కొంచెం అరగదీసుకొని ఒరుసుకుంటేనే గ్యాసు కిందికి పోకుండా పట్టు దొరుకుతుంది. ఆ మొదటి గంటల నడకనే రన్నింగ్ ఇన్ అంటాం.

పెద్ద ఇంజిన్‌లో లోడును మెట్లు మెట్లుగా, తయారీ కంపెనీ పుస్తకంలో చెప్పిన గంటల ప్రకారం పెంచుతారు. సిలిండర్ నూనె మామూలు కంటే ఎక్కువ ఇస్తారు. మధ్యలో ఆపి రింగులను చూస్తారు. తొందరపడి ఒక్కసారిగా ఫుల్ లోడు ఇస్తే నూనె పొర తెగి ఇనుము ఇనుముకు అంటుకొని గీతలు పడతాయి. అలాగని చిన్న ఇంజిన్‌ను గంటలకొద్దీ ఖాళీగా తిప్పినా తప్పే. రింగును గోడకు నొక్కి పట్టేది లోపలి గ్యాసు ఒత్తిడే. లోడు లేకపోతే ఆ ఒత్తిడి లేదు, లైనరు గాజులా మెరిసిపోయి తరవాత జీవితాంతం నూనె తాగుతుంది. మెల్లగా నడపడం వేరు, ఖాళీగా నడపడం వేరు. ఈ తేడా తెలిసినవాడే మెకానిక్.

ఈ ఓపిక ఎందుకో చెప్పే సంఘటన 1947లో జరిగింది. రైనా డెల్ పసిఫికో అనే ఓడ యుద్ధంలో సైనికులను మోసింది. బెల్‌ఫాస్ట్‌లో ఇంజిన్లు బాగుచేశాక సెప్టెంబరు 11న పరీక్ష కోసం సముద్రంలోకి తీసుకెళ్ళారు. ఒక పిస్టన్ అతిగా వేడెక్కింది. క్రాంక్ కేస్‌లో చిమ్ముతున్న నూనె ఆవిరై, మంచులాంటి పొగై, ఆ వేడికి అంటుకొని పేలింది. ఒక ఇంజిన్ పేలుడు పక్క ఇంజిన్లకూ పాకింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో ఓడ సిబ్బందితో పాటు పరీక్షకు వచ్చిన షిప్‌యార్డు పనివాళ్ళు కూడా ఉన్నారు.

ఆ తరవాతనే క్రాంక్ కేస్ తలుపులకు రిలీఫ్ వాల్వులు పెట్టడం, నూనె పొగ పుట్టగానే గంట కొట్టే డిటెక్టరు పెట్టడం ఊపందుకుంది. ఇప్పటి నియమం కూడా అప్పుడు నేర్చుకున్నదే: ఆ అలారం మోగితే వేగం తగ్గించి ఇంజిన్ ఆపాలి, తలుపుల దగ్గర నుంచి మనుషులు దూరంగా పోవాలి, కనీసం అరగంట చల్లారేవరకు తలుపు తెరవకూడదు. తెరిస్తే బయటి గాలి లోపలికి పోయి, అప్పుడే పేలుతుంది. ఏం జరిగిందో చూద్దామనే కుతూహలం ఇంజిన్ గదిలో ప్రాణం తీస్తుంది.

ఆపడం కూడా ఒక పనే

స్టార్ట్ చేయడం నేర్పిన గురువు చాలాసార్లు ఆపడం నేర్పడు. వేడిగా ఉన్న ఇంజిన్‌ను ఒక్కసారి ఆపేస్తే లోపలి వేడి పోవడానికి దారి ఉండదు. చిన్న లాంచి ఇంజిన్‌ను కూడా ఒడ్డుకు రాగానే కట్టేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు స్లోలో ఉంచాలి. టర్బో నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది, ఇంజిన్ ఆగితే దాని బేరింగుకు నూనె కూడా ఆగుతుంది. పెద్ద ఓడలో పైనుంచి 'ఇంజిన్ పని అయిపోయింది' అని ఆర్డరు వచ్చాక కూడా ఇంజిన్ గదివాళ్ళ పని అవదు. గాలి మూస్తారు, కాక్‌లు తెరుస్తారు, టర్నింగ్ గేర్ తగిలించి కనీసం ఇరవై నిమిషాలు తిప్పుతారు, నీళ్ళు నూనె తిరుగుతూనే ఉండాలి.

ఇక్కడి సముద్రంలో ఇంకో బాధ ఉంది. ఇంజిన్‌ను చల్లార్చే సముద్రపు నీళ్ళే వేడి. 2020 జూలైలో కువైట్ అఖాతంలో నీళ్ళ వేడి 37.6 డిగ్రీలు నమోదైంది, అంటే మన ఒంటి వేడి కంటే ఎక్కువ. ఐరోపా చల్లటి నీళ్ళను చూసుకొని తయారైన ఇంజిన్‌కు ఇక్కడ కూలర్ శుభ్రంగా ఉంటేనే బతుకు. ఇసుక, నాచు, జెల్లీ చేపలు స్ట్రెయినర్‌ను మూసేస్తే నిమిషాల్లో అలారం మోగుతుంది. ఇంజిన్‌కే ఇంత చల్లదనం కావాలంటే దాని పక్కన నిలబడే మనిషికి ఎంత కావాలి? ఇంజిన్ గదిలో పనిచేసేవాళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగాలి. తల తిరిగితే, చెమట ఆగిపోతే వెంటనే పైకి రావాలి.

చమురు ధర తెచ్చిన మార్పు

1957లో కువైట్ ఆయిల్ ట్యాంకర్ కంపెనీ ఏర్పడింది. ఆ కాలంలో ప్రపంచంలోని పెద్ద ట్యాంకర్లు చాలావరకు ఆవిరి టర్బైన్‌తో నడిచేవి. నూనె ఎక్కువ తాగినా, అది చవక కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 1973లో చమురు ధర ఒక్కసారి పెరిగింది. అప్పుడు ఓడల యజమానులు లెక్క చూసుకున్నారు. అదే పనికి డీజిల్ చాలా తక్కువ నూనె తాగుతుంది. ఆ తరవాత పదిపదిహేనేళ్ళలో కొత్త ఓడల్లో టర్బైన్ దాదాపు పోయింది.

అదే 1973 ధర వల్ల కువైట్‌కు డబ్బు వచ్చింది, రోడ్లు, ఇళ్ళు, ఆసుపత్రులు లేచాయి, మనుషులు కావలసి వచ్చారు. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి మనవాళ్ళు బయలుదేరింది ఆ తరవాతే. ఓడల్లోకి డీజిల్‌ను నెట్టిన చెయ్యే మనల్ని కూడా ఇక్కడికి నెట్టింది. మన ప్రయాణం మాత్రం త్వరలోనే ఓడ మీద నుంచి విమానంలోకి మారింది. నాలుగు ఓడల్లో చివరిదైన ద్వారకా 1982లో ఆగిపోయింది. దానితో 120 ఏళ్ళ గల్ఫ్ ఓడ దారి ముగిసింది.

1987లో ఇరాన్, ఇరాక్ యుద్ధం మధ్య కువైట్ ట్యాంకర్లు 11 అమెరికా జెండా కట్టుకొని తిరిగాయి. వాటిలో బ్రిడ్జ్‌టన్ అనే ఓడకు జూలై 24న మందుపాతర తగిలింది. 1990లో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మనవాళ్ళు ఎక్కువమంది రోడ్డు మీద జోర్డాన్ చేరి ఎయిర్ ఇండియా విమానాల్లో ఇల్లు చేరారు. షువైఖ్‌లో ఇరుక్కుపోయిన సఫీర్ అనే సరుకు ఓడ మాత్రం ఏడువందలమందికి పైగా భారతీయులను ఎక్కించుకొని దుబాయి చేర్చింది. ఆ రోజు ఆ ఓడ ఇంజిన్ స్టార్ట్ అవడం ఎన్ని కుటుంబాల అదృష్టమో.

ఇంజిన్ ఆగినా జీతం ఆగకూడదు

ఇంజిన్‌ను ఆపడానికి ఒక పద్ధతి ఉన్నట్టే ఓడను ఆపడానికీ ఒక పద్ధతి ఉండాలి. యజమాని దివాళా తీసి ఓడను వదిలేస్తే లోపలివాళ్ళ గతి ఏమిటో కువైట్‌లోనే చూశాం. ఉలా అనే సరుకు ఓడ షుఐబా రేవులో నెలల తరబడి నిలిచిపోయింది. జీతాలు రాలేదు. ఓడ దిగి పోదామంటే కాపలాకు మనుషులు కావాలన్నారు. దానిలో మిగిలిన 19 మందిలో ఎక్కువమంది భారతీయులు. కొందరు రెండేళ్ళకు పైగా ఇంటి ముఖం చూడలేదు. 2021 జనవరిలో వాళ్ళు నిరాహారదీక్షకు కూర్చున్నారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, పత్రికలు, రాయబార కార్యాలయాలు కలగజేసుకున్నాక జూన్‌లో ఇళ్ళకు చేరారు.

ఇలాంటి వాటి కోసమే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో నావికుల ఒప్పందం చేసింది. దానికి చేర్చిన సవరణలు 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రెండు నెలలు జీతం ఇవ్వకపోయినా, తిండి నీళ్ళు, ఓడలో బతకడానికి కావలసిన ఇంధనం ఇవ్వకపోయినా, ఇంటికి పంపకపోయినా ఆ నావికుడిని వదిలేసినట్టే లెక్క. ఓడకు బీమా పత్రం ఉండాలి, దాన్ని అందరికీ కనిపించేలా అంటించాలి. ఆ బీమా నాలుగు నెలల జీతం వరకు, ఇంటికి చేరే ఖర్చు వరకు చెల్లించాలి. అంటే ఏడాది దాకా ఓపిక పట్టకూడదు. రెండో నెల జీతం తప్పగానే కాగితం కదపాలి.

చేపల లాంచీల్లో ఉండేవాళ్ళకు ఈ ఒప్పందం వర్తించదు. వాళ్ళకు ఇక్కడి కార్మిక చట్టం, అకామా కాగితం, భారత రాయబార కార్యాలయమే దిక్కు. కాబట్టి ఎవరైనా సరే ఒప్పందం కాపీ, పాస్‌పోర్టు, సివిల్ ఐడీ ఫోటోలు ఫోనులో ఒకటి, ఇంటి దగ్గర ఒకటి ఉంచాలి. ఏ రోజు సముద్రంలోకి పోయారు, ఏ రోజు వచ్చారు, ఎంత చేతికి ఇచ్చారు అనేది చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఓడలో ఇంజిన్ గదివాళ్ళు ప్రతి నాలుగు గంటలకూ నూనె ఒత్తిడి, నీళ్ళ వేడి లాగ్ బుక్‌లో రాస్తారు. ఏదైనా జరిగితే ఆ పుస్తకమే సాక్ష్యం. మన బతుకుకు కూడా అలాంటి లాగ్ బుక్ ఒకటి ఉండాలి.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు చివరిగా ఒక మాట. రన్నింగ్ ఇన్ ఇంజిన్‌కే కాదు, మనిషికీ కావాలి. ఊరు నుంచి నిన్న దిగినవాడిని ఈరోజే ఆగస్టు ఎండలో, ఇంజిన్ గది వేడిలో పూర్తి డ్యూటీకి పెట్టకూడదు. ఒంటికి వేడి అలవాటు కావడానికి వారం పదిరోజులు పడుతుంది. ఆ రోజుల్లో పని కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. కొత్త రింగుకు ఇచ్చే మర్యాద కొత్త మనిషికి ఇవ్వని చోట ఉంటే పక్కనున్న పాతవాళ్ళే పూనుకొని ఇప్పించాలి. సంఘం అని మనం పెట్టుకున్నది అందుకే.